వేలితో పూసిన గ్రీజు

నా చిన్నప్పుడు మా నాయన, పెద్దనాయన వేరుపడితే పంచుకోవడానికి వీలుకాక మిగిలిన వస్తువు ఒక్కటే, మా తొట్టి జీపు. ఇప్పుడు అందరూ పికప్పు అంటున్న బండికి అది ముసలి మేనమామ లాంటిది. పత్తికొండలో మా కొట్టు మధ్యన గోడ లేచింది. కాటాలు చెరొకటి తీసుకున్నారు. మా అవ్వ కూడా ఆర్నెల్లు అటు, ఆర్నెల్లు ఇటు అయింది. జీపును మాత్రం రంపం పెట్టి కోయలేరు కదా. పెద్దమనుషులు కూర్చుని, ఒక వారం వాళ్లకు, ఒక వారం మాకు అని తేల్చారు. ఆదివారం పొద్దున బండిని అప్పజెప్పే ముందు, అప్పటిదాకా వాడుకున్నవాళ్లే ఇంటి ముందర సర్వీసు చేసి ఇవ్వాలి. ఎగ్గొడితే వాళ్ల తర్వాతి వారం పోయినట్టే.

మా నాయనకు నడుము నొప్పి. అట్లాగని మెకానిక్కు చేత చేయిస్తే, చేతకానివాడని గోడ అవతల నవ్వుతారు. అందుకని పదకొండేళ్ల నేను పావడా పైకి దోపుకుని జీపు కిందికి దూరేదాన్ని. రేడియేటరులో నీళ్లు, బ్యాటరీ, ఇంజనాయిలు నాయన చూసుకునేవాడు. గాలి ఫిల్టరు కడగడం, కింద గ్రీజు కొట్టడం నా పనులు. మా సీమ దుమ్ముకు ఆ ఫిల్టరు గిన్నెలో వారానికే మట్టి గడ్డ కట్టేది. కిరసనాయిలుతో కడిగి కొత్త ఆయిలు పోస్తే ఆ పని తీరేది. గ్రీజుతోనే కష్టం. బండి కింద పద్నాలుగు చోట్ల చిన్న చిన్న ఇనుప మొనలుంటాయి. ఒక్కోదానికి గ్రీజు గన్ను తగిలించి, లోపలి పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చేదాకా కొట్టాలి. పెద్దవాళ్లకే భుజాలు లాగేస్తాయి.

అన్నదమ్ములకు మాటల్లేవు. అప్పజెప్పే పొద్దున పెద్దనాయన మా వాకిట్లోకి వచ్చి బానెట్టుతో మాట్లాడేవాడు, నీకు ఆయిలు పోసినారా, కుడితినీళ్లు పోసినారా అని. కళ్లుండేవాళ్లు ఆయిలు కొలిచే పుల్ల తీసి చూసుకోవచ్చని మా నాయన గ్రీజు డబ్బాకు జవాబు చెప్పేవాడు. వీధి వీధంతా పళ్లు తోముకుంటూ నిలబడి వినేది.

ఒక ఆదివారం పెద్దనాయన వాళ్లు ఆ జీపులోనే శ్రీశైలం బయల్దేరారు. మొదటి మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలని. దానికి నాలుగు రోజుల ముందు మా అమ్మ ఎదురొచ్చిందని ఆయన వీధిలో ఉమ్మేసి పక్కకు తిరిగాడు. అది నేను కళ్లారా చూశాను. ఆ పొద్దున బండి కింద పడుకుని ఆలోచిస్తే, గ్రీజు మాది, చెయ్యి నాది, సుఖం మాత్రం వాళ్లది. ఈ బేరం నాకు గిట్టలేదు.

నేను కొట్లో పెరిగిన పిల్లను. చింతపండు బుట్టలో పైన ఏది పరచాలో, అడుగుకు ఏది తొయ్యాలో నాకు నడక వచ్చినప్పటి నుంచే తెలుసు. గన్ను పక్కన పెట్టి, డబ్బాలో వేలు ముంచి, పద్నాలుగు మొనల మీదా ఇంత ఇంత పూశాను. గుడ్డతో చుట్టూ తుడిచాను. కొత్త పెళ్లికూతురి బొట్టు మాదిరి తళతళలాడాయి. అంత తెలివి ఇంకెవరికి ఉంటుందని మురిసిపోతూ బయటికి వచ్చాను.

పెద్దనాయన వంగి చూశాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపే చూశాడు. లేచి, చేతులు దులుపుకుని, రెండేళ్లలో మొదటిసారి నేరుగా నాతో మాట్లాడాడు.

"ఏం పాపా, శ్రీశైలం పోతాండాం. నీకూ చోటుండాది, ఎక్కు."

వీధిలో పళ్లు తోమే చేతులు ఆగిపోయాయి. మా అమ్మ సంగతి ఇప్పటికీ మరిచిపోలేను. ఆయన మెత్తబడ్డాడనుకుంది పిచ్చిది. ఉమ్మేసిన సంగతి కూడా మరిచి, లోపలికి పరిగెత్తి కొత్త పావడా తెచ్చింది, అక్కడే నా జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. మా నాయనకు మాత్రం అందులో ఏదో ఎత్తిపొడుపు కనిపించింది. మేం సర్వీసు చేసిన బండి ఎక్కడానికి మాకేం భయమని గ్రీజు డబ్బాకు చెప్పి, నన్ను ఎక్కమన్నాడు.

ముందు సీట్లో పెద్దమ్మ ఒళ్లో పసివాడు నిద్రపోతున్నాడు. నాకు స్టీరింగు కడ్డీల చివరనున్న నాలుగు మొనలు కళ్ల ముందు కదిలాయి. ఘాట్లో మలుపు దగ్గర స్టీరింగు బిగుసుకుపోతే? ఎక్కితే లోయలో పడతాను. ఎక్కనంటే దొరికిపోతాను, మా వారం పోతుంది. ఆ వారంలోనే మా నాయన కమలాపురం నుంచి పసుపు తేవాలి. ఆదోని షావుకారుకు మాటిచ్చి ఉన్నాడు. పెద్దనాయన తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో తొందర లేదు.

"పెద్దనాయనా, నేను గన్ను కొట్టలేదు. వేలితో పూసినా," అన్నాను.

"గట్టిగా చెప్పు. మీ నాయనకు ఇనపడల్యా."

మళ్లీ చెప్పాను. అమ్మ చేతిలో దువ్వెన నా జుట్టులోనే ఆగిపోయింది.

వచ్చే వారం కూడా తమదేనని ఆయన జీపుకు చెప్పాడు. తెల్ల పంచె ఎగగట్టి, మా గన్నే తీసుకుని తానే కిందికి దూరాడు. పద్నాలుగు చోట్లా కొట్టుకుని పైకి లేచాడు. అప్పుడు మా నాయన మొదటిసారి అన్న ముఖం చూసి మాట్లాడాడు.

"పసిబిడ్డను అడ్డం పెట్టుకుంటివి గదప్పా."

"నేనా పెట్టింది? కిందికి దూర్చింది ఎవరు?"

రెండేళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మాటలు ఇవి. బతికినన్నాళ్లూ మళ్లీ మాట్లాడుకున్నది కూడా లేదు. జీపు మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. పసుపు వేరే వాళ్ల పాలయింది. మా నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మళ్లీ మా వంతు వచ్చినప్పుడు, ఆ నడుముతోనే మూలుగుతూ తానే కిందికి దూరాడు. గుడ్డ అందిస్తానన్నా వద్దన్నాడు. ఆ జీపు అమ్ముడుపోయేదాకా నన్ను దాని కిందికి రానివ్వలేదు. ఎన్ని దెబ్బలు తిన్నా అంత బాధ ఉండేది కాదు.

నాకూ కొట్టు, పికప్పు వచ్చాక ఒక మెకానిక్కుకు ఈ సంగతి చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. ఒక్క వారం గ్రీజు తప్పితే స్టీరింగు ఏమీ బిగుసుకుపోదట. అంతకు ముందు వారం వాళ్లు కొట్టింది లోపల ఉంటుందట. ఆ మాట పెద్దనాయనకు తెలియదా? తెలుసు. పాత గ్రీజు బయటికి రాలేదని చూసి నా మోసం పట్టేశాడు. స్టీరింగు బిగుసుకుపోదన్న సంగతి నాకు తెలియదని కూడా కనిపెట్టాడు. నాకు బుద్ధి చెప్పాలని ఆయన తలుపు తీయలేదు, మా వారం లాక్కోవడానికి తీశాడు. బేరమాడటంలో నాకు అంతటి గురువు మళ్లీ దొరకలేదు. ఆయన మీద కోపం ఇప్పటికీ అట్లాగే ఉంది. పోగొట్టుకోవాలని నేనూ ప్రయత్నించలేదు.

నేనేమీ మారిపోయి మహాత్మురాలినైపోలేదు. కొట్లో మేలు సరుకు ఇప్పటికీ పైనే పరుస్తాను, అడిగినవాళ్లకు అడుగు నుంచి తీసి చూపిస్తాను, అడగనివాళ్ల జోలికి పోను. కానీ నా పికప్పుకు సర్వీసు ఇంటి దగ్గర నేనే చేస్తాను. అరవై దాటిన దాన్ని వాకిట్లో గోనె పరుచుకుని కిందికి దూరితే నా కోడలు సిగ్గుతో తలుపేసుకుంటుంది. పెళ్లికనో ఆసుపత్రికనో ఎవరైనా బండి అడిగితే, వాళ్లు నాకు గిట్టనివాళ్లయినా సరే, తాళం చెవి ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగుతాను. మనసులో ఆ సీట్లోకి ఎక్కి కూర్చుంటాను. కూర్చోలేకపోతే, కాస్త ఆగమని చెప్పి మళ్లీ కిందికి దూరతాను.