సర్టిఫికెట్‌కు వచ్చిన ప్రమోషన్

డెబ్బైల మొదట్లో నేను మూసాపేటలో ఒక మందుల షాపులో బిల్లులు రాసేవాణ్ణి. మా ఫార్మసిస్టు గారు పొద్దున్నే వచ్చి, ముందు గోడమీది తన సర్టిఫికెట్ అద్దాన్ని చేతిరుమాలుతో తుడిచేవారు. ఆ కాగితం చూపించే మా ఓనరు సేఠ్ షాపుకు లైసెన్సు తెచ్చుకున్నాడు. అందుకే దానికి ఫ్యాను కింద చోటు, శుక్రవారం పూలదండ. ఆయనకు మాత్రం కూర్చోవడానికి స్టూలు కూడా లేదు. ఏడేళ్లుగా అదే జీతం. దసరా బోనసంటే, మందుల కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చిపోయిన శాంపిల్ టానిక్కు సీసా.

"మీకు కష్టంగా లేదా?" అంటే, "సర్టిఫికెట్ ఉంది కదండీ, ఎప్పటికైనా మేనేజర్నవుతాను" అనేవారు.

సేఠ్ చందానగర్‌లో రెండో షాపు తెరిచాడు. ఆ ఉదయం ఫార్మసిస్టు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. సేఠ్ సర్టిఫికెట్ దించి, తువ్వాలులో చుట్టి, కారు ముందు సీట్లో పెట్టుకున్నాడు.

"మేనేజర్ పని ఆడ మా బామ్మర్ది చూస్కుంటడు. ఈడ లైసెన్సు వచ్చింది కదా, ఇగ దీంతోని పనేముంది? ఆడ లైసెన్సుకు కావాలె. నువ్వు జర ఈ షాపు చూస్కో" అని ఆయనకు చెప్పి వెళ్లాడు.

ఏనాడూ ఒక్క మాత్ర కూడా అమ్మని కాగితం, ప్రమోషన్ మీద కార్లో వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండి, "ఇంకో షాపులో చేరిపోండి" అన్నాను.

గోడమీద ఫ్రేము ఉన్న మేరకు తెల్లగా మిగిలిన చోటును తుడుస్తూ ఆయన అన్నారు.

"ఎలా చేరనండీ? సర్టిఫికెట్ చందానగర్‌లో ఉంది కదండీ."