డివిడెండు గారి భార్య

మా నాన్న మంచివాడని చెప్పేవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు. తాగడు, పేకాడడు, ఒకరి దగ్గర చెయ్యి చాచడు, గొంతెత్తి మాట్లాడడు. అన్నీ నిజమే. అయినా ఆయన మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను, విన్నాక మీరే తేల్చుకోండి.

ఆయన నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ వెళ్ళి, మూత ఎత్తి, బురద తుడిచి, అంకెలు రాసుకున్నాడు. ఆ తిరుగుడులోనే ఆయనకు ఒక సంగతి తట్టింది. చేతిలో డబ్బు ఆడకపోతే జనం సినిమాలు మానేస్తారు, కొత్త బట్టలు మానేస్తారు. సబ్బు మానరు, దగ్గు మందు మానరు, కరెంటు మానరు. అందుకని అలాంటివి అమ్మే కంపెనీల షేర్లే కొనేవాడు. ఏటా లాభంలో వాటాగా డివిడెండు ఇవ్వాలి, ఇచ్చేది ఏటా కాస్త పెంచాలి. ఆయన చూసేది అంతే. షేర్ల ధరలు పడిపోయాయని అందరూ గుండెలు బాదుకుంటున్నా ఈయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఒక్క షేరూ అమ్మలేదు. వచ్చిన డివిడెండు వచ్చినట్టే తీసుకెళ్ళి మళ్ళీ షేర్లలో పెట్టేవాడు. బ్రోకరు ఆఫీసులో ఆయన్ని 'డివిడెండు గారు' అనేవారు. వాళ్ళు వేళాకోళానికి అనేవారు, ఈయన బిరుదు అనుకునేవాడు.

పద్ధతిలో తప్పు లేదు. తెలివైన పద్ధతే, ఒప్పుకుంటాను. నా కోపం దాని మీద కాదు.

ఆయన జీతంతో ఇల్లు గడిచేది. షేర్లు కొన్నది అమ్మ జీతంతో. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో అమ్మది ఇస్త్రీ పని. అక్కడ కూర్చోవడానికి కుర్చీ ఉండదు. తడి దుప్పటి పరచాలి, బరువైన వేడి పలకను దాని మీదికి దించాలి, బుస్సుమని ఆవిరి లేస్తుంటే మొహం పక్కకి తిప్పుకోవాలి, పలక ఎత్తి, మడిచి, మళ్ళీ ఇంకోటి పరచాలి. రోజుకి మూడు వందల దుప్పట్లు. సాయంత్రం ఇంటికొచ్చి పాదాలు బకెట్లో పెట్టుకుని కూర్చునేది. ఈయన పక్కనే కుర్చీ వేసుకుని కంపెనీల ఉత్తరాలు తిరగేసేవాడు.

అలాంటి ఒక సాయంత్రమే మాట ఇచ్చాడు. నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. రెండు వీధుల అవతల కాపురం, చూసిపోదామని వచ్చాను.

"నీ జీతమెంతో డివిడెండు కూడా సగటున నెలకి అంత పడ్డ రోజున నువ్వు పని మానెయ్. ఆ తర్వాత ఒక్కరోజు వెళ్ళినా నేనొప్పుకోను."

అమ్మ మొహం చాటంతయింది. "నిజంగానా అండీ?" అని రెండుసార్లు అడిగింది.

పదకొండేళ్ళు గడిచాయి. మధ్యలో ఈయన రిటైరై ఇంట్లో కూర్చున్నాడు, అమ్మ మాత్రం వెళుతూనే ఉంది. ప్రతి నెలా ఆమె జీతం కవరు ఈయనే విప్పేవాడు. "మీ యజమానురాలు ఉత్త పిసినారి. ఇన్నేళ్ళయినా చిల్లిగవ్వ పెంచలేదు," అని తిట్టేవాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

చివరికి ఆ రోజు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. "అందుకున్నామే!" అని కాగితం ఎత్తి చూపించాడు. అమ్మ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"కాకపోతే ఒక్కటి ఆలోచించు. సమానంగా వస్తే చాలదు. రేపు ధరలు పెరిగితే? ఇంకో సగమైనా ఎక్కువ రావాలి. ఎంత, మహా అయితే నాలుగేళ్ళు."

అప్పటికి అమ్మకి అరవై ఒకటి. "సరే" అంది. లేచి వెళ్ళి స్టవ్ వెలిగించింది. ఆయన పని అయిపోయినట్టు పేపరు అందుకున్నాడు.

రెండు నెలల తర్వాత పలక జారి అమ్మ ఎడమ ముంజెయ్యి కాలింది. కబురొస్తే పరుగెత్తాను. కట్టు కట్టించి బెంచీ మీద కూర్చోబెట్టారు. యజమానురాలు నన్ను పక్కకి పిలిచింది.

"మీ అమ్మలాంటి మనిషిని నేను చూళ్ళేదమ్మా. అందరికీ ఏటా జీతం పెంచుతున్నాను. ఈవిడ మాత్రం పదకొండేళ్ళుగా వద్దంటే వద్దని దణ్ణం పెడుతుంది. ఎందుకో నువ్వయినా కనుక్కో."

నాకు మతి పోయింది. దారిలో అడిగాను.

"నా జీతం పెరిగితే, మీ నాన్న అందుకోవాల్సింది కూడా పెరుగుతుంది కదే. ఇక నేను మానేదెప్పుడు?" అంది అమ్మ. అది చాలా మామూలు విషయమన్నట్టు చెప్పింది.

ఇంటికెళ్ళగానే నాన్న మీద విరుచుకుపడ్డాను. అమ్మ తన కష్టానికి వచ్చే డబ్బు తనే ఎందుకు కాదనుకుందో, ఎవరి మాట నమ్మి కాదనుకుందో, కడిగేశాను. ఆయన అంతా విన్నాడు. కాసేపు తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"ఎంత పని చేశావే!" అన్నాడు అమ్మతో. "పదకొండేళ్ళ పెంపు! అది కూడా ఎప్పటికప్పుడు షేర్లలో పెట్టి ఉంటే ఈపాటికి..." అంటూ పెన్సిలు తీసి కవరు వెనక లెక్క వెయ్యడం మొదలుపెట్టాడు.

నేను అరిచాను. అమ్మ అరవలేదు. ఆ పెన్సిలు కదలడాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ మా ఇంటికి వచ్చింది. "ఆ బ్రోకరు ఆఫీసు ఎక్కడో చూపించవే," అంది.

ఇద్దరిలో ఎవరికేమైనా అయితే రెండోవాళ్ళకి ఇబ్బంది ఉండకూడదని నాన్న ముందుచూపుతో సగం షేర్లు అమ్మ పేరు మీద కొన్నాడు. డివిడెండు మాత్రం మొత్తం ఆయన చూసుకునే ఉమ్మడి ఖాతాలో పడేది. ఆఫీసులో గుమస్తా ఆమె పేరు చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మేస్తారా అమ్మా? ఎన్ని?"

"ఒక్కటీ వద్దు బాబూ. నా పేరున ఉన్నవాటికి వచ్చే డివిడెండు ఇకనుంచి నా ఒక్కదాని ఖాతాలో పడాలి. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు."

అక్కణ్ణుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి లాండ్రీకి. యజమానురాలికి తన గళ్ళ ఏప్రాన్ ఇచ్చేసి వచ్చింది. చెయ్యి మానేదాకా సెలవేమో అనుకున్నాడు నాన్న.

మూడు నెలలకి సబ్బుల కంపెనీ డివిడెండు సగమే పడింది. కంపెనీకి ఫోన్ చేశాడు, బ్యాంకుకి ఫోన్ చేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. అమ్మ బట్టలు ఆరేస్తూ అంతా అయ్యేదాకా ఆగింది.

"వచ్చిందండీ. నా ఖాతాలో పడింది."

"నీ ఖాతా ఏంటి? సరే, ఇలా ఇవ్వు. ఈ వారంలోనే ఆ మందుల కంపెనీవి..."

"ఖర్చు పెట్టేశాను."

"దేనికి?"

"మెత్తటి చెప్పులు కొనుక్కున్నాను. మిగతాది ఏమో, గుర్తులేదు."

"గుర్తులేదా?" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పనిలోకి ఎప్పుడు వెళతావు?"

"వెళ్ళను. మానేసి మూడు నెలలైంది."

"మరి నేనిప్పుడు ఏం కొనను?"

"ఉల్లిపాయలు కొనండి. అయిపోయాయి."

ఆయన సంచీ తీసుకుని మెట్లు దిగాడు. వెనకనుంచి బాగా ముసలివాడిలా కనిపించాడు. నాకు పిసరంత జాలి కూడా కలగలేదు. అమ్మకి కలిగినట్టుంది. గబగబా కిటికీ దగ్గరికెళ్ళి, "అరకిలో చాలండీ, బరువు మొయ్యకండి," అని కేకేసింది. దానికీ నాకు కోపమే వచ్చింది.