గదిలో ఇంకెవరూ ఉండకూడదట

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. కుందుర్పి దగ్గర మా నాయనకు చిన్న కిరాణా అంగడి ఉండేది. పసితనంలో జ్వరమొచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. రోజూ బడిదాకా ఎత్తుకుపోయేవాళ్ళు లేక నాయన నన్ను అంగట్లోనే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బెల్లం, చింతపండు పొట్లాలు కట్టే పాత పేపర్ల మీదే నాకు చదవడం వచ్చింది. పదో తరగతి, ఇంటరు ఇంట్లో చదివి ఓపెన్ స్కూలు కింద రాశాను. భర్త పోయాక నాకు అన్నం పెట్టింది ఆ రెండు పరీక్షలే. మా అత్తగారి ఊరు సోమందేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే పని దొరికింది. పొద్దున దీపం పెట్టినప్పుడు మా ఇలవేలుపు కదిరి నరసింహస్వామికి ముందుగా ఆ పని ఇచ్చినందుకే దండం పెట్టుకునేదాన్ని.

ఈ ఏడు బడి తెరిచిన వారానికి కరెస్పాండెంటు సారు నన్ను గదిలోకి పిలిచారు.

"చూడమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. పిల్లోల్లు నీ కాడ బాగుంటారు. అయితే తనిఖీకొచ్చినోళ్ళు డిగ్రీ లేనోళ్ళను పెట్టుకోవద్దంటాండారు. ఈ నెలాఖరుకి యాడన్నా డిగ్రీలో చేరినట్టు చూపిస్తే ఈ సంవత్సరం నేను మాట్లాడుకుంటా. లేకపోతే నా చేతుల్లో లేదు."

"ఇంటికాడ నుంచి చదివేదైనా ఒప్పుకుంటారా సార్?"

"గుర్తింపు ఉండల్ల. ఉంటే ఏదైనా సరే."

వెంటనే పొమ్మనకుండా గడువిచ్చిన మనిషి కదా అని దండం పెట్టి బయటికొచ్చాను. కానీ గేటు దాటాక ఈ పని పోతే ఎట్లాగని లెక్కలు వేసుకుంటూ నడిచాను. మళ్ళీ వాన మొహం చాటేసింది. విత్తనం వేరుశనక్కాయలు సంచుల్లోనే ఉన్నాయి. ఊళ్ళో రెక్కలున్నవాళ్ళకే కూలి లేదు, నన్నెవరు పిలుస్తారు? ఇంట్లో ఉన్నది నేనూ, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన మా అత్త. ఉన్నది ఒక్క గది. ఆమె మంచం, పొయ్యి, దేవుడి పటం, నా చాప అన్నీ అందులోనే. బడి రెండు వీధుల అవతలే కాబట్టి ఇంటర్వెల్లో కుంటుకుంటూ పరుగెత్తి ఆమె పని చూసి వచ్చేదాన్ని. పక్కింట్లో మిషన్ కుట్టే సాయిబుల వదిన చాలాసార్లు "నేను చూస్తాలే" అంది. ఆమె మంచం దగ్గరికొస్తే అత్త పనిచేసే చేత్తో చీర గట్టిగా పట్టుకునేది. నేను తప్ప ఇంకెవరూ తన ఒంటి మీద చెయ్యి వేయకూడదు. అంత పౌరుషం.

హైవే పక్కన నెట్ సెంటర్ నడిపే అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. అతను ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు.

"ఇది వద్దక్కా, గుర్తింపు లేదు. ఉత్త రంగుల బొమ్మ. ఇది పోయినేడు మూసేసినారు. ఇదిగో, ఈ రెండూ నిజమైనవి."

ఒకటి వేరే రాష్ట్రం యూనివర్సిటీది. పాఠాలు, పరీక్షలు, అన్నీ ఇంట్లోనే, గడప దాటే పని లేదు. ఇంగ్లీషు మీడియం. రెండోది దూరవిద్య. పాఠాలు ఫోన్లో వస్తాయి, కానీ ఆదివారం ఆదివారం హిందూపురం పోవాలి, పరీక్షలూ అక్కడే. తెలుగు మీడియం.

"ఏది మంచిది నాయనా?"

"రెండూ మంచివేనక్కా. నీకేది కుదుర్తాదో నేనెట్ల చెప్పేది? నాకు మీ ఇల్లు తెలుసునా? దుడ్లు కట్టేముందు బాగా ఇచారించుకో. కట్టినాక వాళ్ళు ఎనక్కియ్యరు."

విచారించుకోవడమంటే ఎవరిని? మా ఇంట్లో ఇట్లాంటివి మనుషులను అడగరు. స్వామి పటానికి అటొకటి ఇటొకటి తడిపిన పువ్వు అంటించి, మనసులో రెండు దారులూ చెప్పుకుని కూర్చుంటాం. ఏ పువ్వు ముందు రాలితే అదే ఆయన మాట. నా పెళ్ళి సంబంధం అట్లాగే ఖాయమైంది, నాయన అంగడి తీసేసింది కూడా అట్లాగే. ఒకసారి అడిగాక మళ్ళీ అడగకూడదు. రెండోసారి అడగడమంటే "నువ్వు అబద్ధం చెప్పినావు" అని ఆయన మొహం మీద అన్నట్టని నాయన చెప్పేవాడు.

శుక్రవారం తలస్నానం చేసి పువ్వులు పెట్టాను. కుడి పక్క ఇంటి చదువు, ఎడమ పక్క హిందూపురం. కుడి పక్కది రాలింది. నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది. గడప దాటే పని లేదు, అత్తను విడిచే పని లేదు, స్వామికి నా ఇల్లు తెలుసు అనుకుని కళ్ళొత్తుకున్నాను. అత్త మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

మరునాడు ఆ ఇంటి చదువు యూనివర్సిటీ నుంచి, నెట్ సెంటర్లో ఇచ్చిన నా నంబరుకు, ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, సీట్స్ అయిపోతున్నాయి మేడమ్. ఈరోజే బ్లాక్ చేసుకుంటే బెటర్ మేడమ్."

"పరీక్ష ఎట్లా ఉంటుందమ్మా?"

"చాలా ఈజీ మేడమ్. మీ ఇంట్లోనే, కెమెరా ముందు మూడు గంటలు. మధ్యలో లేవకూడదు. వేరే వాయిస్ వినపడకూడదు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. ఉంటే పేపర్ క్యాన్సిల్ అయిపోతుంది. అంతే మేడమ్."

"మంచంలో ఉన్న ముసలామె అయినా?"

"ఎవరైనా అంతే మేడమ్. ఒక్క మూడు గంటలు పక్క రూములోకి పంపేయండి మేడమ్."

ఆ పిల్ల తప్పేముంది! ప్రతి ఇంటికీ పక్క గది ఉంటుందనుకుంది. రెండ్రోజుల్లో చెప్తానని ఫోన్ పెట్టేశాను. నెల చివరికొచ్చింది. అత్తను మంచంతో సహా వాకిట్లో పెట్టనా? ఆ ఎండలో రాళ్ళే పగులుతాయి. పక్కింట్లో కూర్చుని రాద్దామంటే అక్కడ మిషన్ చప్పుడు ఆగదు. మంచాన్ని కెమెరాకు కనపడని మూలకు జరిపి, నోరెత్తకుండా ఉండమంటే? స్వామి చెప్పిన దారి కదా, ఎట్లాగో కుదరాలి. కుదరకపోతే తప్పు నాదే. ఆ పట్టుదల మీదే ఒకసారి చేసి చూద్దామనుకున్నాను. నెట్ సెంటర్ అబ్బాయి నమూనా ప్రశ్నపత్రం పంపాడు. ఆదివారం మధ్యాహ్నం ట్రంకుపెట్టె మీద ఫోను నిలబెట్టి, మంచం మూలకు లాగి, అత్తకు చెప్పాను.

"అత్తా, నేను లేచేంత వరకు పిలవద్దు. దగ్గు కూడా ఆపుకో."

"చచ్చినా పిలవను పో. కూచ్చో."

కూర్చున్నాను. ఇంగ్లీషు ప్రశ్నలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ రాస్తుంటే లోకం గుర్తులేదు. వెనక మంచం కిర్రుమన్నట్టుంది, తిరగలేదు. తిరిగితే కెమెరా పట్టుకుంటుంది కదా అని నిజం పరీక్షలాగే బిగుసుకుని కూర్చున్నాను. అయ్యాక సంతోషంగా వెనక్కి చూశాను.

అత్త చీర, దుప్పటి, పరుపు తడిసిపోయి ఉన్నాయి. ఎప్పుడో తడిసి, ఒక పక్క ఆరడం కూడా మొదలైంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని పైకప్పు చూస్తోంది.

"పిలవకూడదా అత్తా?"

కొంగు తీసింది. "పిలవద్దంటివి కదా."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. చదువు కోసమో, ఉద్యోగం కోసమో, ఆమె కోసమో తెలియదు. ఏ దారీ కనపడలేదు. బడి పోతే ఆమెకు గంజి లేదు, బడి నిలబెట్టుకోవాలంటే ఆమె నోట్లో కొంగు కుక్కాలి.

"ఏడ్చింది చాలు. ముందు చీర మార్చు, మంట పుడతాంది."

నీళ్ళు కాచి తుడుస్తుంటే అడిగింది. "సామిని అడిగితివి. నన్ను అడిగితివా?"

"ఆయన చెప్పినాక ఇంకెవరినడగాల అత్తా?"

"ఏం చెప్పినాడు? పైన ఫ్యాను తిరగతాండాది. గాలి కుడిపక్కకే కొడతాది. పువ్వు పడక యాడికి పోతాది?"

"ఆ మాటనొద్దత్తా, కళ్ళు పోతాయి!"

"కాలూ చెయ్యీ పోయినాయి. కండ్లు కూడా తీసుకోనీలే."

నాకు నవ్వొచ్చింది, అంత ఏడుపులోనూ. ఆమె నవ్వలేదు. గోడవైపు తిరిగి అంది, "ఆ హిందూపురందే చేరు."

"ఆదివారాలు నీ కాడ ఎవరుంటారు?"

"ఆ మిషన్ కుట్టే పిల్లను పిలువు."

"చీర..."

"మార్చనీ. ఇంగేం చేస్తాం?"

ఆ మాట అనడానికి ఆమె ఎంత మింగిందో నాకు తెలుసు. వదినకు చెబితే, "ఇదేం పెద్ద పనా? మా అమ్మకు చేయలేదా నేను?" అంది, కుట్టు ఆపకుండానే. ఆ తల్లిని ఏ దేవుడు పంపాడో ఆయనకు కోటి దండాలు.

మరునాడు పొద్దున దీపం పెట్టి స్వామి ముందు నిలబడ్డాను. మళ్ళీ అడగలేదు. చెప్పాను, అంతే. నీ మాట దాటుతున్నాను, కోపమొస్తే నా మీద చూపించు, ఆమె మీద కాదు అన్నాను. ఆ భయంతోనే నెట్ సెంటర్‌కు వెళ్ళి హిందూపురం దాంట్లో చేరాను.

కరెస్పాండెంటు సారు రసీదు చూసి, "ఈ సంవత్సరం వరకే నా మాటమ్మా. ఆ పైన ఏమంటారో తెలీదు" అన్నారు. అదీ మేలే అనుకున్నాను. అనుకోవాలి కదా.

మొదటి ఆదివారం బస్సెక్కాను. తరగతిలో లెక్చరరు ఏం చెప్పారో సగం వినలేదు. ఒళ్ళో ఫోను పట్టుకునే ఉన్నాను. అది మోగలేదు. మోగలేదని భయం, మోగుతుందేమోనని భయం. సాయంత్రం దిగి వీధిలోకి వచ్చేసరికి వదిన వాకిట్లోనే ఎదురొచ్చి, అంతా అయిందన్నట్టు తలూపింది. తీగ మీద అత్త చీర ఆరేసి ఉంది.

లోపల అత్త గోడవైపు తిరిగి పడుకుంది. కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాను.

"వచ్చే ఆదివారం కూడా పోవల్లనా?" అంది, ఇటు తిరగకుండానే.

"పోవల్లత్తా."

"ఎన్నాళ్ళు?"

"మూడేండ్లు."

పనిచేసే చేత్తో చీర గట్టిగా పట్టుకుంది.

"అన్నినాళ్ళు నేనుండల్లనా?"

"ఉండల్లత్తా" అన్నాను. లేచి ఆమెకు గంజి కలిపాను.