ఒక్క చెంపకు పూసిన క్రీము

తొంభైలలో నేను నకిరేకల్‌లో టీచరుగా పనిచేసేదాన్ని. ఊళ్లో గొర్లు కాసుకునే అమ్మ ఒకసారి నన్ను చూడడానికి వచ్చింది. గాజుల దుకాణంలో ఒకామె ఆమెను చూపించి, "మీ అమ్మమ్మనా?" అని అడిగింది. అమ్మకు అప్పటికి యాభై కూడా నిండలేదు. నాకు ఒళ్లు మండింది. పక్క దుకాణంలోనే ముడతలు పోతాయనే క్రీము సీసా కొన్నాను. సీసా మీది బొమ్మలో పిల్లకు ఇరవై ఏళ్లుండవు. ఆ ముఖానికి ముడతలెక్కడివి?

"ఒక్క చెంపకే పూసుకుంట," అంది అమ్మ. "కొత్త మందు తెస్తే మందకంత పూస్తమా? ఒక్క గొర్రెకు పూసి చూస్తం. ఏ చెంపకో నీకు చెప్ప. నువ్వే చూసి చెప్పాలె."

నెల తర్వాత ఊరికి వెళ్తే ముఖం ముందుకు చాపింది.

"ఏమన్న ఫరక్ కానొస్తాందా?"

"కుడి చెంప నున్నగైంది," అన్నాను గుడ్డిగా.

అమ్మ పకపకా నవ్వింది. రెండు చెంపలూ ఒక్క తీరుగా ముడుచుకున్నాయి. "సీసా ఒడవనీ, అప్పుడు చెప్త," అంది.

సీసా ఒడవనేలేదు, సగం మిగిలే ఉంది. చలికాలంలో జ్వరమొచ్చి, నల్లగొండ దవాఖానలో అమ్మ చనిపోయింది. బాపు ఉండగానే, ముత్తైదువగా పోయింది కనుక, సాగనంపే ముందు ముఖానికి పసుపు పూయమన్నారు. పూస్తుంటే వేళ్లకు ఒక్క ముడతా తగల్లేదు. రెండు చెంపలూ నున్నగా ఉన్నాయి.

క్రీము పూసుకున్నది ఏ చెంపకో నాకు ఇప్పటికీ తెలియదు.