చిల్లు లేని నెమలి కాసులు

మా అక్క మొగుడికి ఆమదాలవలసలో బట్టల కొట్టుంది. కొట్టులో గిరాకీ తగ్గినప్పటి నుంచీ బావకి పాతకాలపు బర్మా రాజుల బంగారు కాసుల పిచ్చి పట్టింది. ఒక పక్క నెమలి, రెండో పక్క అర్థం కాని రాత. ఆయనకీ అర్థం కాదు. అయినా భూతద్దంలో చూసి పండితుడిలా తలాడిస్తాడు. పట్టుకోవడానికి తెల్ల గ్లవుజులొకటి. నిప్పులో కాల్చినా చెక్కుచెదరని బంగారం ఈయన చెమటకి చస్తుందా?

విజయనగరంలో నాణేల ప్రదర్శనకి పేరిచ్చి, ముందుగా మాకు చూపించి మెప్పు పొందుదామని మా ఊరు కోటబొమ్మాళి వచ్చాడు. పెట్టె తెరిచి పదకొండు కాసులు పరిచాడు. అన్నీ ఇక్కడి రంగం కుటుంబాలవేనని అమ్మినవాడు చెప్పాడట. రంగూన్ని మా వాళ్ళు రంగం అంటారు. పొట్ట చేతపట్టుకుని అక్కడికి పోయి తిరిగొచ్చినవాళ్ళు మా వైపు చాలామంది.

మా నాన్నమ్మా అలా వచ్చిందే. ఆవిడ తెచ్చిన నెమలి కాసు ఇప్పుడు అమ్మ మెడలో పుస్తెల పక్కన ఉంటుంది. అమ్మ ముచ్చటపడి దాన్ని పైకి తీసి చూపించింది. బావ చెయ్యి కూడా చాపలేదు.

"సిల్లెట్టీసినారు అత్తా. ఇంకేటి ఇలువ? పాడైపోనాది," అన్నాడు.

అమ్మ మొహం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం పెట్టెలోకి వంగి చాలాసేపు చూసింది.

"ఇయన్నీ మనోల కాడివేనా బాబూ? ఒక్కదానికీ సిల్లు లేదేటి? మన ఆడోలు కాసు సేతికొస్తే తాడుకి గుచ్చకుండా ఉంటారేటి?"

బావ నవ్వేశాడు. నేను వదల్లేదు. పెట్టెతో సహా కంసాలి దగ్గరికి లాక్కుపోయాను. కంసాలి ఒక కాసు గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేశాడు. గీత మాయమైపోయింది, అంటే బంగారం కాదన్నమాట. రెండోదీ అంతే. నాలుగో దానికి ఆయనే విసుగెత్తి, "ఇంకా గియ్యాలేటి?" అన్నాడు. పైగా, బావ చిల్లుందని తిప్పి పంపిన అసలు కాసులు తన దగ్గరికే వచ్చాయనీ, కరిగించి దిద్దులు చేసేశాననీ చల్లగా చెప్పాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందంటే అబద్ధం.

ప్రదర్శన మర్నాడే. బావ అక్కడ అందరికీ గొప్పలు చెప్పి ఉన్నాడు, ఉత్త చేతులతో వెళ్తే నగుబాటు. ఇంటికొచ్చి గ్లవుజులు జేబులో కుక్కుకుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అత్తా, నీ మెళ్ళో కాసు రెండ్రోజులు తీసి ఇత్తావేటి?"

అమ్మ తాడుని చీర లోపలికి తోసుకుంది.

"మీ మావ బతికుండగానే నా మెళ్ళో తాడు తియ్యమంతన్నావేటి బాబూ?"