ఆవిరి కారు పక్కన చోటు

మా ఆయన ఆవిరితో నడిచే కారు చేస్తానన్నప్పుడు అందరికంటే ముందు సంతోషించింది నేనే. అరకులో చలికాలం సాయంత్రమయ్యేసరికి మంచు దిగిపోయేది. షాపు మూసేసేవాళ్ళం. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. ఊళ్ళోకి ఎస్టీడీ బూత్ కొత్తగా వచ్చిన రోజులవి. మొగుడు పేకాటకు పోకుండా ఇంట్లోనే కూర్చుని ఇత్తడి రుద్దుకుంటానంటే ఏ ఆడది కాదంటుంది?

షాపంటే పెద్దదేం కాదు, సంతకు పోయే దారిలో ఒక గది. పంపు స్టవ్‌లు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసేవాడు. కొండ దిగువన ఐటీఐ చదివేటప్పుడు అక్కడ అద్దాల బీరువాలో మూరెడు ఆవిరి కారు ఒకటి ఉండేదట. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదట. ఆ ఉక్రోషం ఈయనకు ఇన్నేళ్ళయినా తీరలేదు. పక్కన పారేసిన పెట్రోమాక్స్ ట్యాంకు బాయిలరైంది. సైకిలు పంపు గొట్టం కోసి, పిస్టను ఆడేందుకు సిలిండరు చేశాడు. ఆవిరి మరీ ఎక్కువైతే కుక్కరులాగా దానంతటదే కూసి వదిలేసేలా ట్యాంకు నెత్తిన చిన్న వాల్వు పెట్టాడు. నా హవాయి చెప్పులు కోసి చక్రాలకు టైర్లు చుట్టాడు. పాతవే గదా అన్నాడు. అంత పాతవేం కావు.

మొదటిసారి వెలిగించిన రోజు స్పిరిట్ దీపం పట్టుకున్నది నేనే. పెరట్లో ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. నీళ్ళు కాగాయి, ట్యాంకు లోపల గొణుక్కుంది, నేను ఇంకా దగ్గరికి వంగాను. ఉన్నట్టుండి వాల్వు కూసి, మోచేతి మీద వేడి తుంపర పడింది. కెవ్వుమని అరిచి, దీపం అక్కడే పడేసి వీధిలోకి పరిగెత్తాను. ఆయన లుంగీ అంచు కాలింది. నన్ను తిట్టినా బాగుండేది. మర్నాడు సాయంత్రం సామాను తీస్తుంటే నేను కొంగు దోపుకుని వెళ్ళాను. తలెత్తకుండానే, "నువ్వొద్దులే. వదిన్ని పిలు" అన్నాడు.

వదిన అంటే మా బావగారి భార్య, నా తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. బావగారు లారీ మీద పోతే ఎప్పటికో గాని వచ్చేవారు కాదు. అక్క ఇంటి ముందు పకోడీలు వేసి అమ్మేది. ఆమెకు నిప్పంటే లెక్కలేదు. వచ్చింది, పీట వేసుకుని కూర్చుంది. వాల్వు కూసింది. "కూత్తన్నాది బాబూ" అంది, పాలు పొంగుతున్నాయి అన్నంత మామూలుగా. అంతే, ఆ రోజు నుంచి కారు పక్కన చోటు ఆమెది అయిపోయింది.

ముందే చెబుతున్నాను, ఇందులో తప్పుడు సంగతి ఏదీ లేదు. ఆయన నిక్కర్లు వేసుకునే రోజుల్లో ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆయనకు తలంట్లు పోసింది. తప్పుడు సంగతి ఏదైనా ఉండి ఉంటే నాకే బాగుండేది, తిట్టడానికి ఒక మాట దొరికేది, పుట్టింటికి పోయి ఏడవడానికి ఒక కారణం ఉండేది. ఏమని చెప్పుకోను? మా ఆయన దీపం పట్టుకోవడానికి నన్ను పిలవడం లేదనా?

అయినా కుళ్ళుకున్నాను. కడుపుమంట అంటారే, అది మాటవరసకు అనేది కాదు, నిజంగానే గుండె కింద మండేది. నేను వంటింట్లో చోడిపిండి కలుపుతుంటే పెరట్లోంచి వాళ్ళిద్దరి మాటలు వినబడేవి.

"పట్టిందా?"

"ఇంకా నేదు."

"ఇప్పుడో?"

"ఆఁ, ఒగ్గు."

ఆవిరి వదలడానికి అంతే మాటలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య అంత తక్కువ మాటలతో ఏ పనీ జరగలేదు. అన్నాల దగ్గరా వాషర్ల గొడవే. ఆమె ఏదో అంటే ఈయన కంచంలో చెయ్యి ఆపి మరీ వినేవాడు. కూర ఎలా ఉందని నేనడిగితే మాత్రం "ఊఁ" అనేవాడు, అదీ ముద్ద నోట్లో ఉండగా.

నేనూ ఊరుకోలేదు. స్పిరిట్ సీసా బియ్యం డబ్బా వెనక దాచాను. ఆయన ఇల్లంతా వెతికి వెతికి చివరికి అక్కను అడిగాడు. ఆమె నేరుగా వచ్చి డబ్బా వెనక నుంచి సీసా తీసుకుని పోయింది. నా వైపు చూడనైనా చూడలేదు. చూసి ఒక మాట అన్నా ఇంత మండేది కాదు. ఆ రాత్రి ఆమెకు కావాలని అడుగున మాడిన అన్నం పెట్టాను. "మాడు బాగుంది సెల్లీ, ఇంకొంచెం ఉందేటి?" అని అడిగి తింది. అలాంటి మనిషిని ఏం చేసుకుంటాం?

భయం పోగొట్టుకుందామని కూడా చూశాను. కుక్కరు పొయ్యి మీద పెట్టి, దాని పక్కనే చెవి వంచి నిలబడి, విజిల్ వచ్చినా రెప్ప వేయకుండా ఉండడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఆయనతో చెప్పాను, "నాకిప్పుడు బయం నేదు" అని. నవ్వాడు. "అది కుక్కరే" అన్నాడు.

కారు మెల్లగా తయారైంది. చూడడానికి ముచ్చటగానే ఉండేది, ఆ మాట నేను ఆయనతో అనలేదు. ముందు చక్రాలు తిప్పడానికి ఒక పొడుగాటి కడ్డీ, దాన్ని పట్టుకుని ఒకరు వెనక నడవాలి. ఆవిరిని వదలడానికి, కట్టడానికి చిన్న కొళాయి, దానికీ ఒక కడ్డీ. అది పట్టుకుని రెండో మనిషి పక్కనే నడవాలి. ఇద్దరు మనుషుల కారు. వెనక కడ్డీ ఆయనది. కొళాయి ఎవరిదో చెప్పక్కర్లేదు. నాకు కావలసింది ఆ కొళాయి ఒక్కటే.

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది. కొండల మీద ఊళ్ళలో మగవాళ్ళంతా వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చిన ప్రతి బండినీ ఆపి పజోరు, అంటే పండగ మామూలు, అడుగుతారు. ఏదో ఒకటి ఇచ్చేదాకా వెదురు లేవదు, ఆఫీసరు జీపయినా సరే. ఆ గొడవెందుకని బళ్ళవాళ్ళు చాలామంది అటు రారు, తారురోడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసే మా ఆయన కారుకు ముహూర్తం పెట్టాడు. రోడ్డు ఎందుకు ఖాళీగా ఉందో మాత్రం ఆలోచించలేదు.

పొద్దున్నే, "నువ్వు షాపు సూసుకో. మేం అలాగెల్లొత్తాం" అన్నాడు. మేం అట! ఆ మాట విన్నాక షాపులో ఎవరు కూర్చుంటారు? వాళ్ళు బాయిలరులో నీళ్ళు పోసుకుంటుండగానే తాళం వేసి, విసవిసా రోడ్డెక్కాను. ఎక్కడికి పోతున్నానో నాకే తెలియదు. సిల్వర్ ఓక్ చెట్లు దాటాక వెదురు పట్టుకున్న గుంపు కనబడింది. అందులో మాకు పసుపు తెచ్చి అమ్మే ఆవిడ ఉంది. నా ముఖం చూసి, "రా, ఈ కొస నువ్వట్టుకో" అంది. పట్టుకున్నాను.

కాసేపటికి టకటకమంటూ వచ్చింది. పొగ, ఆవిరి, మధ్యలో మెరిసే ఇత్తడి. ఎంత బాగా నడుస్తోందో, నాకు గర్వంగా కూడా అనిపించింది. వెనక ఆయన నడుం వంచి, చక్రాల మీదే చూపు పెట్టి నడుస్తున్నాడు. పక్కన కొళాయి పట్టుకుని అక్క. కొత్త చీర కట్టుకుంది! నా గర్వం అక్కడితో సరి.

ఆడవాళ్ళు పాట ఆపి పగలబడి నవ్వారు. నవ్వుతూనే వెదురు దించారు. అక్క కొళాయి కట్టేసింది, కారు ఆగింది.

"ఇది బొమ్మ గదమ్మా" అన్నాడాయన, తెల్లబోయి.

"రోడ్డు మీద నడిసేదంతా బండే" అంది పసుపావిడ. "సిన్న బండయితే పజోరు ఇయ్యదా?"

జేబులో చిల్లర తీసి ఇచ్చాడు. వెదురు అవతలి కొస లేచింది. ఇవతలి కొస లేవలేదు. అప్పుడు చూశాడు నన్ను.

"ఏటే, నువ్విక్కడేటి సేత్తన్నావు? ఎత్తు."

"నా పజోరు రాలేదు."

"ఇప్పుడేగా ఇచ్చాను."

"డబ్బులెవరడిగారు? అక్క సేతిలో ఉన్నది నాకిప్పించు."

బాయిలరు కింద దీపం మండుతూనే ఉంది. పోయే దారి లేక ఆవిరి లోపల గొణగడం మొదలుపెట్టింది. ఆయన అక్క ముఖం చూశాడు. నా ముఖం చూడలేదు. అక్క మాత్రం నన్నే చూసింది. కళ్ళల్లో కోపం, దాని వెనకే నీళ్ళు. లారీ కోసం ఎదురుచూడడం కాకుండా ఆమె సాయంత్రాలకు ఉన్నది ఈ కారొక్కటేనని నాకు అప్పుడు తట్టింది. తట్టినా వెదురు ఎత్తలేదు.

"ఇదిగో, పట్టు" అంది. కడ్డీ నాకిచ్చి, నా చేతిలో వెదురు తను అందుకుంది. "ఎడం పక్కకి తిప్పితే కట్టుకుంటాది. బేగి తిప్పకు."

కొళాయి విప్పాను. కారు కదిలింది. కడ్డీలోంచి సన్నటి వణుకు నా అరచేతిలోకి ఎక్కింది. వెనక మళ్ళీ పాట మొదలైంది, ఆ పాట నా కోసమే అనిపించింది. మలుపు దాటాక, కాలి పక్కనే వాల్వు కూసింది. పళ్ళు బిగబట్టాను. అరవలేదు, కడ్డీ వదల్లేదు. ఇప్పుడు చూస్తాడనుకున్నాను. చూసి భేష్ అనకపోయినా ఊఁ అయినా అంటాడని నడుస్తున్నాను. ఆయన నడుం ఎత్తలేదు, చక్రాల మీద నుంచి చూపు తిప్పలేదు.

"వదినా, కాస్త తగ్గించు" అన్నాడు.

తగ్గించాను.