మామ పూజించిన చెకుముకి రాయి

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమీర్‌పేటలో అగ్గిపెట్టె దొరకడం గగనం. నేను కొత్త కోడలిని. మా ఇంట్లో నిప్పు పుట్టించే పని మామది. ఆయన నడుముకు కట్టిన సంచిలో చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది ఉండేవి. మగ్గం మీద బతికిన ఇల్లు కదా, దసరాకు మగ్గంతో పాటు ఆ రాయికీ పసుపు, కుంకుమ పెట్టేవారు. పూజ చేసినదాన్ని పగలగొట్టకూడదని ఆయన పట్టు. అది అరిగి అరిగి గోలీలా నున్నబడింది. ఒక్క రవ్వ రాలేసరికి పొద్దెక్కేది.

రాళ్ల సంగతి నాకు బాగా తెలుసు. మా అమ్మమ్మ నేర్పింది. తెల్లగా మెరిసేవి పేరు గొప్ప ఊరు దిబ్బ. దెబ్బ పడితే కలకండలా పొడి రాలుతుంది. పొగ రంగుది, పగిలితే గాజు పెంకులా అంచు తేలేది కావాలి. మామ రాయి అలాంటిదే. దానికి కావలసింది కొత్త అంచు. ఆ మాట చెప్పాలంటే ఆయన ఎదుట నిలబడాలి. కోడళ్లు మామ ముందు నిలబడని ఇల్లు అది.

ముసురు పట్టిన ఒక శుక్రవారం పొద్దున, పురిటికి వచ్చిన మా ఆడబిడ్డ నెలలు నిండకుండానే కన్నది. పొయ్యి ఆరిపోయి ఉంది. పసిగుడ్డు ఒళ్లు చల్లబడుతోంది. పొరుగిళ్లకు పరుగెత్తితే, శుక్రవారం పూట నిప్పు గడప దాటనివ్వం అన్నారు. మామ రాయి కొడుతూనే ఉన్నారు, రవ్వ లేదు. అత్త ఏడుపు అందుకుంది.

నాకు ఒళ్లు మండింది. నెత్తిన కొంగు సర్దుకుని ఆయన ఎదుటే నిలబడ్డాను.

“మామా, గా రాయి జర ఇయ్యుండ్రి. పలగొడ్త.”

ఆయన పసిగుడ్డు వైపు చూసి, రాయి నా చేతిలో పెట్టారు. రుబ్బురోలు పొత్రంతో ఒక్కటిచ్చాను. పెచ్చు లేచింది. కొత్త అంచుకు ఉక్కు తగలగానే రవ్వలు జలజలా రాలాయి, దూది అంటుకుంది. కుంపటి రాజేసి, పిల్లను గుడ్డల్లో చుట్టి దగ్గరగా పట్టుకున్నాను. కాసేపటికి కేరుమంది. ఆ కేకకు నాకూ ఏడుపు ఆగలేదు, ఎంత సంతోషమో చెప్పలేను.

ముసురు వెలిశాక మామ కొత్త చెకుముకి రాళ్ల కోసం పంజాగుట్ట వైపు బయలుదేరుతూ, నన్నూ రమ్మన్నారు. అత్త గడప దాకా వచ్చి మమ్మల్ని వింతగా చూసింది. గుట్ట మీద ఆయన తన కండువా నేల మీద పరిచారు.

“నువ్వు ఏరు బిడ్డా,” అన్నారు. “నేను మోస్త.”